కోబాల్టు గుట్టలో గుట్టు

ఆమెను ఆఫీసులో అందరూ కొలతమ్మ అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది గానీ, ఆ కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. కొలతమ్మ అన్న పేరు మాత్రం ఊరికే రాలేదు. ఏ కొలతనూ ఆమె ఒక్కసారికి నమ్మదు. కిలో టమాటాలు కొంటే ఇంటికొచ్చి సంచీతో సహా తూస్తుంది, సంచీని విడిగా తూస్తుంది, తూచిన యంత్రం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి కిలో ఉప్పు ప్యాకెట్టును తూస్తుంది. ఉప్పు ప్యాకెట్టు మీద అచ్చేసిన అంకె నిజమేనా అన్న అనుమానం కూడా వచ్చిన రోజున ఆ ఇంట్లో భోజనం ఆలస్యమవుతుంది.

ఒకసారి ఆమె అత్తగారికి ఒళ్లు వెచ్చబడింది. కోడలు ఇంట్లో ఉన్న థర్మామీటర్లన్నీ పోగుచేసి, ముందు తన నోట్లో, ఆ తర్వాత భర్త నోట్లో పెట్టి చూసి, చివరికి అత్తగారి దగ్గరకు వచ్చింది.

"నాకు జ్వరమో కాదో తర్వాత సంగతి. ముందు థర్మామీటర్‌కి ఒంట్లో ఎలా ఉందో చూస్తోంది మా కోడలు," అని ఆవిడ పక్కింటావిడతో చెప్పుకుంది.

భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నిదానస్తుడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉంటాడేమో, ఇంట్లో కూడా ఎవరి గొంతైనా కాస్త పెరిగితే అతని కుడికాలు తనంతట తానే నేలను నొక్కుతుంది.

కొలతమ్మ చేసే పని ఇంట్లో వాళ్లకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అంతుచిక్కనంత దూరంలో ఏదో ఒక పెద్ద నక్షత్రం కూలిపోతుంది, లేదా చచ్చిపోయిన రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ క్షణంలో గామా కిరణాలు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. కొన్ని సెకన్లపాటు అంత వెలుగు ఇంకెక్కడా ఉండదు. గాలిపొర ఆ కిరణాలను నేలదాకా రానివ్వదు కాబట్టి, వాటిని పట్టే డిటెక్టర్‌ను ఉపగ్రహంలో పెట్టి పైకి పంపారు. కిరణం తగిలినప్పుడల్లా డిటెక్టర్‌లోని స్ఫటికం మినుక్కుమంటుంది. కిరణానికి ఎంత శక్తి ఉంటే అంత ఎక్కువ మినుకు. ఏ శక్తిగల కిరణాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి గీత గీస్తే, ఆ గీత ఎక్కుతుంది, ఒకచోట వంగుతుంది, దిగుతుంది. ఎక్కడ వంగిందో ఆ అంకె చెప్పడం కొలతమ్మ పని.

ఈ సంగతంతా అత్తగారికి ఆమె వంటింటి భాషలో చెప్పింది.

"మీరు హాల్లో కూర్చుని టీవీ చూస్తుంటారు కదా అత్తయ్యా. వంటింట్లో ఏదో కింద పడుతుంది. మీరు లేవకుండానే చెంచా పడిందా, మూత పడిందా, గిన్నె పడిందా చెప్పేస్తారు. మా డిటెక్టరూ అంతే."

"మరి నీ పనేంటి?"

"దాని చెవి సరిగ్గా ఉందో లేదో చూడటం. అప్పుడప్పుడు నేనే ఒక చెంచా పడేసి, చెంచా అంటుందో గిన్నె అంటుందో వింటాను."

"దానికి జీతమిస్తారా?" అంది అత్తగారు.

ఇస్తారు. అంతరిక్షంలో ఉన్న డిటెక్టర్ ముందుకు వెళ్లి చెంచా పడేయడం కుదరదు గనుక, దానికి అచ్చు కవలను తయారుచేసి ఆఫీసు కింది అంతస్తులో ఒక గదిలో ఉంచారు. చెంచాలంటే చిన్న చిన్న బిళ్లల్లో ఉండే సోర్సులు. ఒక్కో సోర్సు తనకంటూ ఉన్న శక్తి దగ్గర కిరణాలు వదులుతుంది. కోబాల్టు సోర్సును డిటెక్టర్ ముందు పెడితే తెర మీద నూట ఇరవై రెండు అన్న అంకె దగ్గర ఒక గుట్ట లేవాలి. అక్కడే లేస్తే చెవి బాగున్నట్టు.

ఆ గదిలో ఆమెకు తోడు వైరు బాబాయ్. మెషీన్లకు తీగలు కలపడం, విప్పడం, మళ్లీ కలపడం ఆయన ఉద్యోగం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తీగ ముక్క వేలాడుతూ ఉంటుంది. వీళ్లిద్దరి మీదా పెద్దసారు. ఆయన గామా కిరణాల మీద లావుపాటి పుస్తకం రాసిన మనిషి. పై అంతస్తులోని తన గదికి ఏనాడూ లిఫ్టు ఎక్కి వెళ్లడు. లిఫ్టు ముందు నిలబడ్డవాళ్లను చూసి, "అది సామాన్లకయ్యా. మనకు దేవుడు కాళ్లిచ్చాడు," అనేసి మెట్లెక్కి పోతాడు. ఆస్పత్రి గుమ్మం తొక్కని జన్మ తనదని సందర్భం ఉన్నా లేకపోయినా చెబుతాడు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్న ఆకాశంలో మంచి పేలుడు ఒకటి జరిగింది. అంత స్పష్టమైనది ఈమధ్య రాలేదు. కొలతమ్మ గీత గీసి, వంపు ఏడు వందల దగ్గర ఉందని తేల్చింది. అదే పేలుడును సముద్రం అవతలి జట్టువాళ్లు కూడా తమ ఉపగ్రహంతో చూశారు. వాళ్లు ఆరు వందల పది అన్నారు.

పెద్దసారు ఆ సమయానికి ఆఫీసులో లేడు. బ్యాంకు పనుందని ఆ రోజంతా సెలవు పెట్టాడు. మర్నాడు వస్తూనే సంగతి విని, "వాళ్ల చెవికి తెగులు," అని తీర్పు చెప్పేశాడు.

"ముందు మన చెవి చూసుకుందాం సార్," అంది కొలతమ్మ.

"చూసుకో. నేనూ వస్తాను. నా కళ్లతో చూసి, అప్పుడు వాళ్లకు గట్టిగా రాస్తాను."

ముగ్గురూ కింది గదిలో చేరారు. కోబాల్టు సోర్సు పాతది. వయసు మీదపడి నీరసించిపోయింది. గుట్ట లేవడానికి చాలాసేపు ఆగాలి. ఆ సేపంతా పెద్దసారు బల్ల మీద మోచేతులు ఆనించి, డిటెక్టర్ పక్కకు వంగి, తన చిన్నతనంలో డిటెక్టర్లు ఎంత మొండిగా ఉండేవో చెబుతూ కూర్చున్నాడు. చిత్రంగా ఈసారి గుట్ట చటుక్కున లేచింది. లేచింది గానీ నూట ఇరవై రెండు దగ్గర కాదు. నూట నలభై దగ్గర.

కొలతమ్మ మనసులోనే లెక్క వేసింది. నూట ఇరవై రెండును నూట నలభై అని చెప్పే చెవి, ఆరు వందల పదిని ఎంతని చెబుతుంది? సరిగ్గా ఏడు వందలని.

పెద్దసారు కూడా అదే లెక్క వేసినట్టున్నాడు. మొహం మాడిపోయింది. "అయితే వాళ్లే కరెక్టన్నమాట," అన్నాడు. "రేపు రాసేద్దాం. తప్పు మనదని రాయకు. తప్పు జరిగిందని రాయి," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

అలా వదిలేస్తే ఆమె కొలతమ్మ ఎందుకవుతుంది? మళ్లీ కొలిచింది. చాలాసేపటికి గుట్ట నెమ్మదిగా లేచింది. నూట ఇరవై రెండు. పరుగున వెళ్లి పెద్దసారును పిలుచుకొచ్చింది. ఆయన బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. నూట నలభై. ఆయన వెళ్లిపోయాడు. నూట ఇరవై రెండు.

"మెషీన్‌కి కూడా ఆయనంటే బెదురే అమ్మాయ్," అన్నాడు వైరు బాబాయ్. "తప్పు లేదు. ఆయన గదిలోకొస్తే నాకూ చేతిలో తీగ ఎరుపో నలుపో తెలీదు."

మళ్లీ పిలిచినప్పుడు పెద్దసారు విసుక్కున్నాడు.

"నేనున్నప్పుడు తప్పు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు ఒప్పు. దీన్ని బయట ఏమంటారో తెలుసా అమ్మా నీకు?"

కొలతమ్మకు తెలుసు. కావలసిన అంకె వచ్చేలా మెషీన్‌ను సర్దుతోందంటున్నాడు. ఉప్పు ప్యాకెట్టును కూడా నమ్మని మనిషిని పట్టుకుని ఆ మాట అనేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక కూడా ఆ మంట తగ్గలేదు. భోజనాల దగ్గర జరిగింది చెబుతూ చెబుతూ గొంతు పెంచింది. భర్త కాలు నేలను నొక్కింది.

"నెమ్మది. మలుపు దగ్గర వేగం వద్దు," అన్నాడు.

"ఏం మలుపండీ? నా ఉద్యోగం పోయేలా ఉంటే."

అత్తగారు కంచంలోంచి తల ఎత్తలేదు. "నువ్వు పడేసింది చెంచానే కదా?"

"చెంచానే అత్తయ్యా."

"చెవి బాగానే ఉంది కదా?"

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు బాగానే ఉంటోంది."

"మరి ఆయనొచ్చినప్పుడు వంటింట్లో ఇంకెవరైనా గిన్నె పడేస్తున్నారేమో చూశావా?" అని ఆవిడ పెరుగు గిన్నె దగ్గరకు లాక్కుంది.

కొలతమ్మ నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగిపోయింది. గుట్ట జరిగిందనే ఆమె అనుకుంది గానీ, రెండో గుట్ట ఒకటి వచ్చి మొదటిదాన్ని కప్పేసిందేమోనని అనుకోలేదు. తెర మీద బొమ్మ ఎంత పెద్ద గుట్టనైనా తెరకు సరిపడా కుదించి చూపిస్తుంది. అసలు ఎన్ని కిరణాలొచ్చాయో ఆ అంకెను ఆమె చూడనే లేదు. ముసలి కోబాల్టు అంత చటుక్కున గుట్ట లేపినప్పుడే అనుమానం రావాల్సింది. అన్నిటినీ రెండుసార్లు తూచే మనిషికి ఇది చిన్న అవమానం కాదు.

మర్నాడు ఆమె కోబాల్టును సీసపు పెట్టెలో పెట్టి తాళం వేసింది. బల్ల ఖాళీ. డిటెక్టర్ ముందు ఏమీ లేదు. అప్పుడు పెద్దసారును పిలిచింది.

"ఇదే ఆఖరు," అంటూ వచ్చి ఆయన ఎప్పట్లాగే బల్లకు ఆనుకున్నాడు.

ఖాళీ బల్ల మీద నూట నలభై దగ్గర గుట్ట లేచింది. నిన్నటంత జోరు లేదు గానీ, చూడ్డానికి నున్నగా, ముద్దుగా ఉంది.

"మళ్లీ అదే. నీ చెవి తప్పు," అని, బల్ల మీద బిళ్ల ఉందో లేదో కూడా చూడకుండా ఆయన వెళ్లిపోయాడు. గుట్ట కూడా ఎదగడం మానేసింది.

కొలతమ్మ అంకె వంకే చూస్తూ ఉండిపోయింది. నూట నలభై. ఆ అంకె ఆమెకు కొత్తది కాదు. ఆస్పత్రుల్లో గుండె ఎలా ఉందో చూడటానికి ఒక మందు సూదితో ఎక్కించి స్కాన్ తీస్తారు. ఆ మందు వదిలే కిరణాల శక్తి నూట నలభై. పూటపూటకూ సగానికి సగం తగ్గుతూ రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసింది కూడా. పెద్దసారు రాసిన పుస్తకం చూసే.

కానీ అనుమానం వేరు, కొలత వేరు. చేతిలో పట్టుకునే చిన్న మీటరు ఒకటి తీసి, గుడ్డసంచీలో దాచుకుని, మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్లింది. వరసలో పెద్దసారు వెనకే నిలబడింది. సంచీని ఆయన వీపు దగ్గరకు తెచ్చేసరికి మీటరు పిచికల గుంపులా కిచకిచమంది.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏంటా చప్పుడు?"

"ఫోన్ సార్. మా అత్తగారు."

ఆయన ముందుకు జరిగాడు. ఆమె సంచీని ఎడమ పక్కకు తిప్పింది. చప్పుడు ఎక్కువైంది. కుడిపక్క తగ్గింది. నేలకేసి చూపించింది, ఏమీ లేదు. ఆయన చేప ముక్కల పళ్లెం దగ్గర ఆగినప్పుడు ఆమె ఇంకాస్త దగ్గరకు వంగింది. మీటరు గోలగోల చేసింది. వరసలో వెనక ఉన్నవాళ్లకు మీటరు చప్పుడంటే ఏమిటో తెలుసు. వాళ్లంతా ఆ ఆఫీసువాళ్లే కదా.

"చేప తినకూడదాండీ ఈరోజు?" అని ఒకాయన మెల్లగా అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోపే అప్పటికే ప్లేట్లలో వేసుకున్న ముక్కలు ఒక్కొక్కటీ పళ్లెంలోకి తిరిగి వచ్చేశాయి. క్యాంటీనాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి, తన చేపలకు ఏం రోగమో ఎవరైనా మొహం మీద చెప్పమన్నాడు. పెద్దసారు ఒక్కడే, ఏమీ తెలియక, రెండు ముక్కలు ఎక్కువ వేసుకుని వెళ్లి కూర్చున్నాడు.

భోజనం అయ్యాక ఆమె ఆయన గదికి వెళ్లి తలుపు వేసింది.

"సార్, మొన్న మీరెళ్లింది బ్యాంకుకు కాదు కదా?"

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆమె సంచీలోంచి మీటరు తీసి బల్ల మీద పెట్టింది. అది ఆయన తరఫున జవాబు చెప్పింది.

ఇక ఆయన దాచలేదు. కొన్నాళ్లుగా మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువుగా ఉంటోంది. సగం దారిలో నోటీసు బోర్డు ఉంది. దాని ముందు నిలబడి చదువుతున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో ఆ బోర్డు మీద ఉన్నదంతా ఆయనకిప్పుడు కంఠతా వచ్చు.

"ఇంట్లో చెప్పారా సార్?"

"చెప్తే మా ఆవిడ నా కంచం తన చేతుల్లోకి తీసుకుంటుంది. రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చాక చూద్దాం."

"చిన్నపిల్లల దగ్గరకు వెళ్లొద్దని డాక్టర్లు చెప్పుంటారే?"

"చెప్పారు. ఆఫీసులో చిన్నపిల్లలెవరూ లేరు కదా అనుకున్నా."

"గామా కిరణాల డిటెక్టర్ ఉంది కదా సార్."

ఆయన ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "నా పుస్తకంలో రాసిన అంకె నాకే తట్టలేదు. నిన్ను అనకూడని మాట అన్నాను," అన్నాడు. అంత పెద్దమనిషి అలా కుర్చీలో కుంచించుకుపోయి కూర్చుంటే కొలతమ్మకు నిన్నటి కోపం నిలబెట్టుకోవడం కష్టమైంది. తన చెవి బాగుందన్న సంతోషం ఒకవైపు, ఈయన గుండె ఎలా ఉందోనన్న దిగులు ఒకవైపు.

ఇద్దరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. అవతలి జట్టుకు నిజమే రాయాలి, కానీ మొత్తం రాయనక్కర్లేదు. "పరీక్ష జరిగేటప్పుడు గదిలో మరొక సోర్సు తాత్కాలికంగా ఉండటం వల్ల గందరగోళం ఏర్పడింది. ఆ సోర్సు ఇప్పుడు గదిలో లేదు. మా అంకె ఏడు వందలే," అని పంపారు. తెలివిగా రాశామని ఇద్దరూ అనుకున్నారు.

అవతలివాళ్లు పద్ధతైన మనుషులు. తెల్లవారేసరికి జవాబు వచ్చింది. ఆ సోర్సు ఏ రకం, ఎంత బలం, ఎవరి అధీనంలో ఉంది, ప్రస్తుతం ఎక్కడ భద్రపరిచారు అని అడిగారు. రూలు ప్రకారం ఇవతలి ఆఫీసు భద్రతాధికారికి కూడా ఒక ప్రతి పంపారు.

భద్రతాధికారి నవ్వు ఎరగని మనిషి. ఆవిడ పసుపు పచ్చ టేపు చుట్టలతో దిగి, ముందు పరీక్ష గది, తర్వాత నడవా, ఆ తర్వాత రెండు మరుగుదొడ్లు మూసేసింది. క్యాంటీన్ కథ చెవిన పడగానే చేపల పళ్లానికి కూడా టేపు చుట్టింది. అందరినీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టి, కొలతమ్మను నిలబెట్టింది.

"లెక్కలో లేని సోర్సు ఒకటి ఈ భవనంలో తిరుగుతోందని మీరే రాశారు. అది చివరిసారి ఎక్కడ కనపడింది?"

కొలతమ్మకు అబద్ధం చెప్పడం రాదు. "క్యాంటీన్లో అండీ."

"క్యాంటీన్‌కి ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరూ తీసుకెళ్లలేదండీ. అదే వెళ్లింది."

"అదే వెళ్లిందా?"

"నడిచి."

భద్రతాధికారి కలం ఆపింది. "దాన్ని ఏదైనా పెట్టెలో పెట్టారా?"

"పెట్టడానికి ఒప్పుకోదండీ," అంది కొలతమ్మ నేల చూపులు చూస్తూ.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. పెద్దసారు లేచి నిలబడ్డాడు.

"ఆ సోర్సు నేనేనమ్మా," అన్నాడు.

గుండె స్కాన్ సంగతి, ఛాతీ బరువు సంగతి, నోటీసు బోర్డు సంగతి అన్నీ చెప్పేశాడు. భద్రతాధికారి మీటరు తీసుకుని వెళ్లి ఆయన ఛాతీ దగ్గర పెట్టింది. అప్పటికి మందు దాదాపు వదిలిపోయింది. మీటరు ఒకటి రెండుసార్లు మొక్కుబడిగా కిచుమని ఊరుకుంది. ఆవిడ చేతిలోని టేపు చుట్ట వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. ఊపిరి పీల్చే సోర్సుల గురించి రూల్సులో ఎక్కడా రాసి లేదని చెప్పి, చేపల పళ్లానికి చుట్టిన టేపు విప్పడానికి వెళ్లింది.

అప్పుడు వైరు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఆ నోటీసు బోర్డు దగ్గర నేనూ ఆగుతాను. మీ చదువు అయ్యేదాకా కింది మలుపులో నిలబడి ఉంటాను."

"లిఫ్టెక్కచ్చు కదయ్యా?" అన్నాడు పెద్దసారు.

"మీరు చూస్తారని."

ఇంకా ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. తాము కూడా అంతేనట.

ఆ వారంలోనే రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఆస్పత్రి నుంచి. ఒక రక్తనాళం కొద్దిగా సన్నబడింది, భయపడాల్సినంత ఏమీ లేదు, మాత్రలు వేసుకోవాలి, మెట్లు మానేసి చదునైన చోట నడవాలి, తీపి తగ్గించాలి. రెండోది సముద్రం అవతలి నుంచి. పేలుడు జరిగిన సమయంలో తమ ఉపగ్రహపు రెక్క ఒకటి డిటెక్టర్‌కు అడ్డుగా ఉందని, దాన్ని లెక్కలో వేసుకుంటే తమ అంకె ఆరు వందల తొంభై అయిందని వాళ్లు ఒప్పుకున్నారు. పైగా ఆ సోర్సు ఆరోగ్యం ఇప్పుడు ఎలా ఉందని మర్యాదగా అడిగారు. నిజం వాళ్లదాకా ఎలా వెళ్లిందో ఎవరికీ తెలియదు. వైరు బాబాయ్‌ని అడిగితే జేబులో తీగ సర్దుకున్నాడు.

"వాళ్లు కూడా ఏడు వందలే అనుంటే నీకు ఇంకా బాగుండేది కదా?" అని భర్త అడిగాడు.

"అంత సరిగ్గా కలిస్తే నాకు నిద్రపట్టేది కాదు," అంది కొలతమ్మ. ఈ పది తేడా ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

రిపోర్టు వచ్చిన రోజే పెద్దసారు ఇంట్లో చెప్పేశాడు. మర్నాడు ఆయన భార్య ఆఫీసుకే వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. నేరుగా కొలతమ్మ దగ్గరకు వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయన గుండెలో ఏముందో బయట నిలబడి కనిపెట్టావటమ్మా. ఇన్నేళ్ల కాపురంలో నా వల్ల కాలేదు. ఒక్కటి చెప్పు. మీ మెషీన్‌కి ఆయన స్వీటు తిన్నారో లేదో తెలుస్తుందా?"

"తెలీదండీ. చక్కెర కిరణాలు వదలదు."

"ఏం మెషీనో," అని ఆవిడ నిట్టూర్చి, పెద్దసారు గదిలోకి నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా గాలి పీల్చింది. పుస్తకాల బీరువా వైపు చూడలేదు, కోటు జేబులు తడమలేదు. తిన్నగా వెళ్లి కింది సొరుగు లాగి, పాత రిపోర్టుల అడుగునుంచి క్రీము బిస్కెట్ల పొట్లం బయటకు తీసింది.

కొలతమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఎలా కనుక్కున్నారండీ?"

"ఏముందమ్మా ఇందులో. కూర్చో, టీ తెప్పించు," అంది ఆవిడ.

పెద్దసారు చూస్తుండగా వాళ్లిద్దరూ ఆ పొట్లం మొత్తం ఖాళీ చేశారు.